ప్రాజెక్టు తిరిగి వచ్చింది: "మా గ్రామంలో ఆధిపత్య కులం" విషయంలో సహాయం కావాలి

డిగ్రీ విద్యార్థి
గ్రూపులోని పెద్దలందరికీ నమస్కారం. నేను బి.ఏ. సమాజశాస్త్రం చదువుతున్నాను. మధ్యాహ్నం నుంచి ఒకే పేజీ ముందేసుకుని కూర్చున్నాను, ఒక్క వాక్యం కూడా ముందుకు సాగడం లేదు. "మా గ్రామంలో ఆధిపత్య కులం" అనే పేరుతో ప్రాజెక్టు రాసి ఇస్తే మా గైడ్ మేడమ్ గారు దాన్ని తిరిగి ఇచ్చేశారు. మూడో అధ్యాయం మార్జిన్‌లో ఎర్ర సిరాతో "వర్ణన బాగుంది, ఇందులో సమాజశాస్త్రం ఎక్కడ?" అని రాశారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఊరి చరిత్ర, గుడి, పండుగలు అన్నీ రాశాను. నలభై ఇళ్ళు తిరిగి ప్రశ్నావళి నింపించాను. ఈ భావనను ప్రచారంలోకి తెచ్చిన సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గారి నిర్వచనం మొదటి అధ్యాయంలోనే ఇచ్చాను. జనాభా ఎక్కువ, భూమి ఎక్కువ, సర్పంచ్ పదవి కూడా వాళ్ళదే కాబట్టి ఫలానా కులమే ఆధిపత్య కులమని తేల్చాను. నిర్వచనానికి అన్నీ సరిపోయాయి కదా, ఇంకేం కావాలి? సోమవారానికి సవరించి ఇవ్వాలి. దయచేసి ఎవరైనా స్పష్టంగా చెప్పండి.

పరిశోధక విద్యార్థి
మీ ప్రశ్న ఏమిటి? జవాబు కనిపిస్తోంది గాని, దానికి ముందు ఉండవలసిన ప్రశ్న కనిపించడం లేదు. ఊరు ఏ ప్రాంతంలో ఉంది? ఏ కులం వారు ఎందరన్న లెక్క ఎక్కడిది? ఆ నలభై ఇళ్ళను ఎలా ఎంచుకున్నారు? ఇవి చెప్పండి.

విశ్రాంత అధ్యాపకుడు
బాబూ, వీటన్నిటికంటే ముందు ఒక మాట అడుగుతాను. నీవు ఊళ్ళో తిరిగినప్పుడు రోజువారీ నోట్సు రాసుకున్నావా? ఈ కాలపు విద్యార్థులు ప్రశ్నావళి నింపించి, శాతాలు కట్టి, గ్రాఫులు గీసి, అదే క్షేత్ర పరిశోధన అనుకుంటున్నారు. శ్రీనివాస్ గారు 1948లో మైసూరు దగ్గరి రాంపురలో ఉన్నప్పుడు చూసినదీ విన్నదీ రాసుకుంటూ వచ్చారు. ఆ తరవాత 18 ఏళ్ళ పాటు ఆ నోట్సును క్రమబద్ధం చేసుకున్నారు. 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న పరిశోధన కేంద్రం తగలబడినప్పుడు ఆ నోట్సు మూడు ప్రతులూ కాలిపోయాయి. అయినా చాలావరకు జ్ఞాపకం మీద ఆధారపడి ఆ ఊరి గురించి రాసి 1976లో ప్రచురించగలిగారంటే, అంతకాలం ఆ వివరాలతో గడిపారు కాబట్టే. ప్రశ్నావళిలోని గడుల్లో ఇమడని విషయాలే చివరికి పనికి వస్తాయి. అందుచేత ముందు నీ నోట్సు పుస్తకం సంగతి చెప్పు.

డిగ్రీ విద్యార్థి
మాది కృష్ణా డెల్టాలో కాలువ కింద ఊరు. కులాల లెక్క ఓటర్ల జాబితా నుంచి తీసుకున్నాను. అందులో కులం ఉండదు కాబట్టి ఇంటిపేర్లను బట్టి విడదీశాను. నలభై ఇళ్ళు మా వీధివీ, పక్క రెండు వీధులవీ. సార్, నోట్సు పుస్తకం ఉంది గాని అందులో ఉన్నవి మామూలు కబుర్లు, ప్రాజెక్టుకు పనికొచ్చేవి కావు.

పరిశోధక విద్యార్థి
ఇంటిపేరును బట్టి కులం తేల్చడం కుదరదు. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది. 1951 నుంచి 2011 వరకు జరిగిన జనగణనల్లో ఎస్సీ, ఎస్టీల లెక్కే ఉంది, మిగిలిన కులాల లెక్క ఇవ్వలేదు. కనుక మీ పట్టికను "విద్యార్థి అంచనా" అని పేర్కొనండి, లేదా తొలగించండి.

గ్రామాధ్యయన అభిమాని
లెక్కలు సరిచేసినంత మాత్రాన ఈ ప్రాజెక్టు బాగుపడదని నా అభిప్రాయం. అసలు ఒక కులం మొత్తం ఆధిపత్యం చెలాయిస్తుందన్న భావననే ప్రశ్నించాలి. హైదరాబాద్ దగ్గరి మన శామీర్‌పేటను 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం బృందంతో అధ్యయనం చేసి, 1955లో దాని మీద పుస్తకం తెచ్చిన మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే గారు 1968లో రాసిన వ్యాసంలో ఈ సంగతే లేవనెత్తారు. అధికారం సాధారణంగా కొద్దిమంది వ్యక్తుల చేతిలో, కొన్ని కుటుంబాల చేతిలో ఉంటుంది. ఆ కులంలోనే ముఠాలు ఉంటాయి, ఒకే కులంలోని పేదవాడికి ఆ అధికారంలో వాటా ఉండదు. అధికారం కులమంతటా విస్తరించి, ఆ కులం ప్రయోజనం కోసం వినియోగమైనప్పుడే దాన్ని ఆధిపత్య కులం అనాలి. మీ ఊళ్ళో కులాన్ని కాదు, కుటుంబాలను చూడండి.

విశ్రాంత అధ్యాపకుడు
దూబే గారి అభ్యంతరం విలువైనదే గాని, దాన్ని పట్టుకుని శ్రీనివాస్ గారి భావనను పక్కన పెట్టడం న్యాయం కాదు. పెత్తనం నలుగురిదే అయినా, ఆ నలుగురికీ వెనుక నిలబడే బలగం కులం నుంచే వస్తుంది. తగాదా వచ్చినప్పుడు ఆ కులంలోని పేదవాడు కూడా ఆ ఇంటి అరుగు దగ్గరికే చేరతాడు. పైగా శ్రీనివాస్ గారు 1955 నాటి నిర్వచనం దగ్గర ఆగిపోలేదు. సంఖ్యాబలం, ఆర్థిక రాజకీయ బలం, కుల శ్రేణిలో మరీ కింద లేని స్థానం అని మొదట అన్న ఆయన, 1959లో ఆధునిక విద్యనూ కొత్త వృత్తులనూ వాటికి చేర్చారు. ఈ లక్షణాలన్నీ ఒకే కులంలో కలిసి ఉండవలసిన అవసరం లేదనీ, తరచుగా వేర్వేరు కులాల మధ్య చీలి ఉంటాయనీ కూడా స్పష్టం చేశారు. విద్యార్థులకు నిజంగా అవసరమైనది ఈ చివరి మాటే.

గ్రామాధ్యయన అభిమాని
చీలి ఉంటే దాన్ని ఆధిపత్య కులం అని ఎందుకు పిలవాలి, సర్? అప్పుడు అది ఒక కులానికి ఉన్న గుణం కాదు, కొన్ని కులాల మధ్య నడిచే సంబంధం అవుతుంది. పేరు అదే ఉంచి, వస్తువును మార్చినట్లు కాదా?

విశ్రాంత అధ్యాపకుడు
భావన అంటే లేబుల్ కాదు, వెతకడానికి ఒక సాధనం. ఆ లక్షణాలు ఏయే కులాల దగ్గర ఉన్నాయో వెతికించినంత వరకు దాని పని అది చేస్తున్నట్లే.

ఊరి చివరి కాలనీ నుంచి
ఇంతమంది పెద్దలు మాట్లాడారు గాని ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. తమ్ముడూ, నీ నలభై ఇళ్ళలో ఎస్సీ కాలనీలోవి ఎన్ని ఉన్నాయి? మీ వీధి, పక్క వీధులు అన్నావంటే ఒక్కటి కూడా ఉండి ఉండదు. నేనూ డిగ్రీలో సమాజశాస్త్రమే చదివాను. మా ఊరి మీద వచ్చిన ప్రాజెక్టులు కొన్ని చూశాను, వాటిలో మేము "ఇతరులు" అనే గడిలో ఉన్నాం. ఒక ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో ఆ మాట వినవలసి వచ్చేవాళ్ళకే బాగా తెలుస్తుంది. కూలి ఎంతో ఎవరు నిర్ణయిస్తారు, శ్మశానానికి దారి ఎవరి పొలంలో నుంచి వెళ్తుంది, అప్పు కావలసి వస్తే ఎవరి గుమ్మం ముందు నిలబడతారు? ఇవి అడుగు. సోమవారంలోపు పది ఇళ్ళకు వెళ్ళగలిగినా నీ మూడో అధ్యాయం మారిపోతుంది.

డిగ్రీ విద్యార్థి
అక్కా, మీరు అన్నట్లు కాలనీలో ఇళ్ళు లేవు. రేపు వెళ్తాను. ఇంకో విషయం చెప్పాలి, ఇది అవసరమో కాదో తెలియదు. నేను తేల్చిన కులం వాళ్ళకు భూమి ఎక్కువ అన్నాను గాని, అది సొంత భూమి కాదు, కౌలు. ఊళ్ళో ఎక్కువ ఎకరాలు వాళ్ళే సాగు చేస్తారు. సొంతదారులు వేరే కులం, వాళ్ళలో చాలామంది విజయవాడలో, హైదరాబాద్‌లో స్థిరపడ్డారు, పిల్లలు అమెరికాలో ఉన్నారు. సర్పంచ్ గారు కౌలు చేసే కులం ఆవిడే, ఈసారి సీటు బి.సి. మహిళకు రిజర్వ్ అయింది.

పరిశోధక విద్యార్థి
ఇది మొదటి పోస్టులోనే ఉండవలసిన విషయం. సాగు చేయడం, భూమి మీద పట్టు ఉండడం రెండూ ఒకటి కావు. మీ తీర్పు మొత్తం ఆ రెంటినీ కలిపేయడం మీదే నిలబడింది. అడంగల్‌లో (ఊరి భూముల, పంటల రికార్డులో) సొంతదారు ఎవరు, అనుభవదారు ఎవరు అన్న వివరాలు విడిగా చూడండి. పంట సాగుదారు హక్కుల చట్టం 2019లో వచ్చింది. దాని ప్రకారం ఇచ్చే కార్డు 11 నెలలకే చెల్లుతుంది, అదీ యజమాని అంగీకరిస్తేనే ఇస్తారు. మీ ఊళ్ళో ఎందరు కౌలుదారులకు ఆ కార్డు ఉందో అడగండి. లేనివాళ్ళు ఎందుకు తీసుకోలేదో కూడా అడగండి.

విశ్రాంత అధ్యాపకుడు
సర్పంచ్ పదవి సంగతి కూడా అంతే. రాంపుర అధ్యయనం నాటికి ఇలాంటి పంచాయతీ రిజర్వేషన్లు లేవు. పంచాయతీల్లో రిజర్వేషన్లు తెచ్చిన రాజ్యాంగ 73వ సవరణ 1993లో అమలులోకి వచ్చాక పదవి ఒకరిదీ పెత్తనం మరొకరిదీ కావడానికీ, కొన్నిచోట్ల పదవి వల్లే కొత్త పెత్తనం పుట్టడానికీ కూడా అవకాశం ఏర్పడింది. నీ ఊళ్ళో ఏది జరిగిందో చూసి చెప్పవలసినవాడివి నువ్వే. ఈ మధ్య ఊళ్ళో ఏదైనా తగాదా జరిగిందా? దాన్ని ఎవరు తీర్చారు?

డిగ్రీ విద్యార్థి
కాలువ చివరి పొలాలకు నీళ్ళు రాలేదని మొన్న గొడవ అయింది, సార్. రామాలయం అరుగు మీద కూర్చున్నారు. సర్పంచ్ గారు వచ్చారు, వాళ్ళ ఆయన కూడా వచ్చారు. చివరికి విజయవాడలో ఉండే పెద్దాయనకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. ఆయన "పైవాళ్ళు రెండు రాత్రులు తూము దించండి" అన్నారు. అందరూ లేచి వెళ్ళిపోయారు. నా నోట్సులో ఇది ఉంది గాని, తగాదా కదా అని ప్రాజెక్టులో పెట్టలేదు.

విశ్రాంత అధ్యాపకుడు
బాబూ, మీ మేడమ్ గారు వెతికిన సమాజశాస్త్రం ఇదే. గుడి చరిత్ర తీసేసి మూడో అధ్యాయాన్ని ఈ సంఘటనతో మొదలుపెట్టు. అరుగు మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు ముందు మాట్లాడారు, ఫోన్ చేయాలన్న ఆలోచన ఎవరిది, సర్పంచ్ గారు ఏమన్నారు, అన్నీ రాయి. తరవాత సంఖ్యాబలం ఎవరిది, భూమి ఎవరిది, పదవి ఎవరిది, చివరి మాట ఎవరిది అని విడివిడిగా చూపించు. ఊళ్ళో లేని మనిషి మాట ఊళ్ళో ఎందుకు చెల్లుతోందన్నదే నీ పరిశోధన ప్రశ్న. దానికి జవాబు పూర్తిగా దొరకకపోయినా ఫరవాలేదు.

గ్రామాధ్యయన అభిమాని
ఫోన్‌లో మాట్లాడినది ఒక వ్యక్తి అన్నది గమనించండి. ఆ కులంలోని మరెవరికైనా ఫోన్ చేసి ఉంటే తూము దించేవారా? ఈ ప్రశ్న కూడా తప్పకుండా అడగండి.

ఊరి చివరి కాలనీ నుంచి
ఆ అరుగు మీదికి కాలనీ నుంచి ఎవరైనా వచ్చారో లేదో కూడా రాయి. మనుషుల పేర్లు, ఊరి పేరు మార్చు. రాంపుర కూడా మారుపేరే. నీ ప్రాజెక్టు వల్ల అక్కడ ఎవరికీ ఇబ్బంది రాకూడదు.

పరిశోధక విద్యార్థి
నలభై ఇళ్ళ ఎంపిక ఎలా జరిగిందో, దాని పరిమితులు ఏమిటో రెండో అధ్యాయంలో ఉన్నది ఉన్నట్లు రాయండి. శాతాలు ఊరంతటికీ వర్తిస్తాయని అనకండి.

డిగ్రీ విద్యార్థి
అందరికీ ధన్యవాదాలు. పొద్దున్నే కాలనీకి వెళ్తున్నాను.

పోటీ పరీక్షల అభ్యర్థి
ఈ చర్చ నాకు కూడా ఉపయోగపడింది. సివిల్స్ సమాజశాస్త్రం రెండో పేపర్‌లో ఆధిపత్య కులం మీద 10 మార్కుల ప్రశ్న వస్తే 150 పదాల్లో ముగించాలి. అంత తక్కువ చోటులో దూబే గారి అభ్యంతరానికి ఎంత స్థలం ఇవ్వాలో పెద్దలు ఎవరైనా చెప్పగలరా?