సమస్య: చచ్చినట్టి మగఁడు వచ్చె సందెవేళ

రాత్రిషిఫ్టు: తేటగీతి పద్యానికి చివరి పాదం ఇస్తున్నాను, పై మూడూ మీవి. పాపం మా అమ్మాయిది. మార్వెల్ సినిమాలు రెండో మూడో చూసిన నన్ను కూర్చోబెట్టి 2021 నాటి ‘వాండావిజన్’ సిరీస్ పెట్టింది. మొత్తం 9 భాగాలు, ఎనిమిది అయ్యాయి. మొదట్లో అంతా నలుపు తెలుపు, పాతకాలపు అమెరికా హాస్యం, మధ్యమధ్య జనం నవ్వులు. టీవీ పాడైందనుకున్నాను. 2018 సినిమాలో పోయిన విజన్, ఈ వాండా మొగుడు, ఇక్కడ ఆఫీసు నుంచి ఇంటికొస్తాడేమిటి అని అడిగితే “చూడు నాన్నా” అంది. పూరించండి.

పాతచింతకాయ:
వాండ తలఁపులె యూరికి వలయమయ్యె
నలుపు తెలుపుల తెరపైన నవ్వులొలికె
కొలువు ముగియఁగఁ దలుపును గొట్టె విజను
చచ్చినట్టి మగఁడు వచ్చె సందెవేళ

రాత్రిషిఫ్టు: ‘వలయం’ భేషుగ్గా కుదిరింది, వాళ్ళుండే వెస్ట్‌వ్యూ ఊరి చుట్టూ ఉన్నది అదే కదా. కానీ ‘ఒలికె’ ద్రుతాంతం, చివర ‘న్’ దాగి ఉంది. తర్వాతి ‘కొలువు’ ‘గొలువు’ కావాలి. యతికి, అంటే పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరం కలవడానికి, ఢోకా లేదు.

పాతచింతకాయ: ఒప్పుకున్నాను. దిద్దుకుంటా.

గోదారిగట్టు: నాది మా ఇంటి కథ. పాదాన్ని కాస్త విరిచాను.

పిల్లలాటలె యనుచును వెక్కిరించె
నిన్న యెనిమిదో భాగాన నీరుగారె
తొమ్మిదవదానిఁ జూడంగఁ దొడరి, బెట్టు
చచ్చినట్టి మగఁడు వచ్చె సందెవేళ

పాతచింతకాయ: అమ్మా, చచ్చింది మగఁడు కాదు, బెట్టు! సమస్య నడుం విరిగింది. ‘నీరుగారె’లో కన్నీరూ ఉంది, బింకం సడలడమూ ఉంది. మీవారికి ఈ పద్యం చూపించారా?

గోదారిగట్టు: చూపించానండీ. కళ్ళలో ఉల్లిపాయ ఘాటట.

కొత్తసభ్యురాలు: మొదటి ప్రయత్నం, తప్పులుంటే మన్నించండి.

నేల చీటిపై గుండెను గీసి యుంచె
గోడలే లేని పాదులో గూరుచుండి
కంటి నీటితో నిల్లును గట్టె నామె
చచ్చినట్టి మగఁడు వచ్చె సందెవేళ

పాతచింతకాయ: భావానికి దండం. విజన్ స్థలం దస్తావేజు మీద గుండె బొమ్మ గీసి పెట్టిన ఘట్టం నాలుగు పాదాల్లో పట్టారు. అయితే మొదటి పాదంలో యతి తప్పింది: ‘నే’కి ‘గీ’ కలవదు. రెండోది, గీసిందెవరో కర్త తెలియడం లేదు. మీరే సవరించండి, నేను చెప్తే రుచి పోతుంది.

గోదారిగట్టు: నాకో మాట అడ్డుతగులుతోంది. ఆవిడ ఇల్లు కట్టుకుంది సరే, ఊరి జనం ఆవిడ కలల్లో బందీలయ్యారు కదా? ఆ కాపురం చూసి ఏడ్చేవాళ్ళం, ఆ పొరుగువాళ్ళ కోసం ఏడవమేం?

రాత్రిషిఫ్టు: నేనూ ఏడవలేదు. అమ్మాయి అదే అడిగితే నీళ్ళు నమిలాను. ఆవిడకి ఎవరో చివరి పాదం ఇచ్చినట్టుంది. పైవి పూరించడానికి ఊరినే వాడేసుకుంది. అది తప్పే. అయినా గోడల్లేని ఆ పునాది దగ్గర మాత్రం నా గొంతు పూడుకుపోయింది.

కొత్తసభ్యురాలు: సవరణ: “నేల చీటిపై హృదయము నిలిపి పోయె”. కర్త మాత్రం దొరకలేదండీ.

పాతచింతకాయ: యతి కుదిరింది. ‘పోయె’ అన్నారుగా, కర్త దొరికినట్టే. వెళ్ళినవాడూ, పోయినవాడూ ఒకడే.

రాత్రిషిఫ్టు: తొమ్మిదోది ఇవాళ రాత్రికి. ఏమవుతుందో ఎవరూ పద్యంలో కూడా చెప్పకండి.