థ్రెడ్ రద్దు పరీక్ష: లినక్సులో పాస్, మ్యాక్‌లో ఫెయిల్

ప్రశ్న: థ్రెడ్‌ను (ప్రోగ్రాములో విడిగా నడిచే పని వరుసను) మధ్యలో రద్దు చేసే కోడుకు పరీక్ష రాశాను. థ్రెడ్ లూపులో లెక్కలు చేస్తూ అప్పుడప్పుడు ప్రింటెఫ్ చేస్తుంది. మెయిన్ ఒక సెకను ఆగి, దాన్ని రద్దు చేయమని పీథ్రెడ్_క్యాన్సిల్ పిలుస్తుంది. జాయిన్ చేశాక (అంటే థ్రెడ్ ముగిసేదాకా వేచి ఉన్నాక) వచ్చిన విలువ మైనస్ 1 అయితే పాస్. లినక్సులో బాగానే ఉంది. మ్యాక్‌లో విలువ కలవడం లేదు. మరో యూనిక్స్‌లో జాయిన్ దగ్గరే ఆగిపోతోంది.

జవాబు: ముందు సులువైనది. మైనస్ 1 గ్లిబ్‌సీ (లినక్సులో వాడే సీ లైబ్రరీ) ఎంచుకున్న విలువ. మ్యాక్‌లో, ఫ్రీబీఎస్‌డీలో అది 1. పోసిక్స్ (యూనిక్స్‌ల ఉమ్మడి ప్రమాణం) ఖాయం చేసింది పీథ్రెడ్_క్యాన్సెల్డ్ అనే పేరునే. దానితోనే పోల్చండి.

ఇక ఆగిపోవడం సంగతి. పీథ్రెడ్_క్యాన్సిల్ థ్రెడ్‌ను చంపదు, ఆగమని అడుగుతుంది, అంతే. మామూలు అమరికలో ఆ మాట రద్దు బిందువు (రద్దు అడిగారేమో చూసే ఫంక్షన్ పిలుపు) దగ్గరే చెల్లుతుంది. రీడ్, నానోస్లీప్, కాండ్_వెయిట్ వంటివి తప్పనిసరిగా రద్దు బిందువులు. ప్రింటెఫ్ మాత్రం అయితే కావచ్చు, కాకపోవచ్చు. మ్యూటెక్స్_లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌కే దక్కే తాళం తీసుకోవడం) ఎక్కడా కాదు. ప్రింటెఫ్ మీద ఆధారపడ్డ పరీక్ష లినక్సులో పాసవడం అదృష్టమే. లూపులో తప్పనిసరి రద్దు బిందువైన పీథ్రెడ్_టెస్ట్‌క్యాన్సిల్ పెట్టండి.

ఆ సెకను నిద్ర కూడా తీసేయండి. యంత్రం మీద భారం ఎక్కువైతే, థ్రెడ్ మొదలుకాకముందే రద్దు చేరవచ్చు. అప్పుడు క్లీనప్ హ్యాండ్లర్ (రద్దైనప్పుడు శుభ్రం చేసే ఫంక్షన్) కంటే ముందే రద్దు బిందువు వస్తే, అది నమోదే కాదు. థ్రెడ్ హ్యాండ్లర్‌ను నమోదు చేశాక ఒక ఫ్లాగు ఎత్తి కండిషన్ వేరియబుల్‌తో కబురు పెట్టాలి, మెయిన్ దానికోసం వేచి ఉండాలి. కబురుకు సెమాఫోర్ తయారుచేసే సెమ్_ఇనిట్ జోలికి వెళ్లకండి, మ్యాక్‌లో అది పనిచేయదు. థ్రెడ్లన్నీ చేరేదాకా ఆపే పీథ్రెడ్ బ్యారియర్లూ అక్కడ లేవు.

ప్రశ్న: టెస్ట్‌క్యాన్సిల్‌తో రెండు చోట్లా పాసైంది, ధన్యవాదాలండి. అయినా ఎప్పుడైనా జాయిన్ ఆగిపోతే? గడువు పెట్టి జాయిన్ చేసే పీథ్రెడ్_టైమ్‌డ్‌జాయిన్_ఎన్‌పీ వాడనా?

జవాబు: అది పోసిక్స్‌లో లేదు, మ్యాక్‌లోనూ లేదు. పరీక్ష మొదట్లో అలారం(30) పెట్టండి. గడువు దాటితే సిగ్నల్ వచ్చి ప్రోసెస్ మొత్తం ముగుస్తుంది. మొరటు పద్ధతే, కానీ ప్రతి యూనిక్స్‌లోనూ పనిచేస్తుంది.

మరొకరి జవాబు: కాండ్_వెయిట్‌లో ఉండగా రద్దు చేసే పరీక్ష కూడా రాస్తే, హ్యాండ్లర్ నడిచేసరికి మ్యూటెక్స్ మళ్లీ ఆ థ్రెడ్ చేతిలోనే ఉంటుంది. హ్యాండ్లర్‌లో అన్‌లాక్ చేయకపోతే తర్వాత లాక్ అడిగిన థ్రెడ్ కదలదు. ఆండ్రాయిడ్ సీ లైబ్రరీ బయానిక్‌లో పీథ్రెడ్_క్యాన్సిల్ అసలు లేదు. అక్కడ ఫెయిల్ చూపించకండి. బిల్డుకూ పరీక్షలకూ ఆటోమేక్ సాధనం వాడుతుంటే 77తో నిష్క్రమించండి, దాటవేసినట్టుగా లెక్కిస్తుంది.