రిప్రెసర్‌ను ‘నిరోధకం’ అనవచ్చా?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థులకు ఈ.కోలై బ్యాక్టీరియాలోని లాక్ ఒపెరాన్ (లాక్టోజ్ అనే పాల చక్కెరను వాడుకునేందుకు కలిసి పనిచేసే జన్యువుల వరస) పాఠం తెలుగులో రాస్తున్నాం. ట్రాన్స్‌క్రిప్షన్‌కు (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీయడం) అనులేఖనం, దాన్ని మొదలుపెట్టించే ఇండ్యూసర్‌కు ప్రేరకం, దాన్ని అడ్డుకునే రిప్రెసర్‌కు నిరోధకం అనుకున్నాం. "లాక్టోజ్ లేకపోతే నిరోధకం వల్ల అనులేఖనం ఆగిపోతుంది" అన్న వాక్యం సరేనా?

జవాబు: నిరోధకం వద్దండీ. ఎంజైమ్ పనిని అడ్డుకునే ఇన్‌హిబిటర్‌కు ఆ మాట ఇచ్చేశాం, బ్యాక్టీరియా పాఠాల్లోనే యాంటీబయాటిక్ నిరోధకత కూడా వస్తుంది. రిప్రెసర్ ఎంజైమ్ జోలికే పోదు. డీఎన్‌ఏ మీద ఆపరేటర్ అనే చోట కూర్చుని, అనులేఖనం చేసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను కదలనివ్వదు. దమనకం మేలు. 1961లో శాస్త్రవేత్తలు జాకబ్, మోనో ఇది ఆర్‌ఎన్‌ఏ కావచ్చనుకున్నారు. ప్రోటీనే అని 1966లో గిల్బర్ట్, ముల్లర్‌హిల్ వేరుచేసి చూపారు. కాబట్టి మొదటిసారి ‘దమనక ప్రోటీన్’ అని రాయండి.

‘ఆగిపోతుంది’ కూడా తప్పే. దమనకం అప్పుడప్పుడూ పట్టు వదులుతుంది, లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ బీటా గాలక్టోసిడేజ్ కాస్త తయారవుతూనే ఉంటుంది. ఆ కాస్త లేకపోతే మొత్తం వ్యవహారమే మొదలవదు. ఎందుకంటే దమనకాన్ని ఊడదీసేది లాక్టోజ్ కాదు, దాని నుంచి తయారయ్యే అల్లోలాక్టోజ్. అల్లోలాక్టోజ్‌ను చేసేది ఆ ఎంజైమే. లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే పర్మియేజ్ కూడా ఈ ఒపెరాన్ సరుకే. "అణగి ఉంటుంది" అనండి.

మరొకరు: అలాగైతే ప్రేరకం మాత్రం ఏం సబబు? అల్లోలాక్టోజ్ దేన్నీ ముందుకు తోయదు, అడ్డు తీస్తుందంతే. తోసేది కాప్ ప్రోటీన్: గ్లూకోజ్ తగ్గి సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగితే, దానితో కలిసి ప్రమోటర్ (అనులేఖనం మొదలవడానికి పాలిమరేజ్ కూర్చునే చోటు) పక్కన చేరి పాలిమరేజ్‌ను నిలబెడుతుంది.

జవాబు: నిజమే, కానీ ప్రేరకం పాతుకుపోయింది, కదపకండి. ‘అడ్డు తీసే ప్రేరకం’ అని ఒకసారి చెప్పి, కాప్‌ను ఉత్తేజకం అంటే తేడా తెలిసిపోతుంది. ప్రయోగశాలలో ఈ తేడా డబ్బు ఖర్చు పెట్టిస్తుంది: మాధ్యమంలో గ్లూకోజ్ ఉంచి, 0.1–1 మిల్లీమోలార్ ఐపీటీజీ (కృత్రిమ ప్రేరకం) పోసి, ఎక్స్‌గాల్ (బీటా గాలక్టోసిడేజ్ ఉంటే నీలం రంగునిచ్చే పదార్థం) పళ్లేల్లో నీలం సరిగా రాలేదంటారు. అడ్డు పోయింది, ఉత్తేజకం రాలేదు. లాక్ యూవీ5 అనే మార్పు చెందిన ప్రమోటర్‌కు ఈ బెడద తక్కువ. ఐపీటీజీని కణం అరిగించుకోలేదు గనుక మోతాదు తగ్గిపోదు. ఎక్స్‌గాల్ నీళ్లలో సరిగా కరగదు. డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావణిలో కరిగించి, వెలుతురు తగలకుండా దాచాలి.

ప్రశ్న: ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే ట్రిప్టోఫాన్ ఒపెరాన్‌కూ ఇవే మాటలా?

జవాబు: దమనకం ఉంటుంది, ప్రేరకం ఉండదు. అక్కడ ట్రిప్టోఫాన్ అంటుకుంటేనే దమనకం డీఎన్‌ఏను పట్టుకుంటుంది. ఆ ట్రిప్టోఫాన్‌ను సహదమనకం అనండి.