'పునరుద్ధరణ'కు అసలైన వ్యతిరేకం ఏది: విధ్వంసమా, పాడుపెట్టడమా?

నిఘంటుప్రియ (చర్చ మొదలుపెట్టినవారు)

పునరుద్ధరణకు వ్యతిరేకపదం చెప్పమంటే చాలామంది ఠక్కున 'విధ్వంసం' అంటారు. నాకు అది సరిపోదనిపిస్తోంది. మనం రోజూ చదివే వార్తల్లో ఈ మాట ఎక్కడెక్కడ వస్తుందో చూడండి. కరెంటు సరఫరా పునరుద్ధరించారు, రైళ్ల రాకపోకలు పునరుద్ధరించారు, నిలిచిపోయిన పింఛను పునరుద్ధరించారు. వీటికి వ్యతిరేకాలు అంతరాయం, రద్దు, నిలిపివేత. ఎవరూ కరెంటును విధ్వంసం చేయలేదు కదా!

ఇక ఇల్లు, చెరువు, అడవి లాంటి వాటి సంగతి. వీటిలో చాలా భాగం ఒక్క దెబ్బకు పోవు. పట్టించుకునేవాళ్లు లేక పోతాయి. తెలుగులో దానికి చక్కటి మాట ఉంది: పాడుపెట్టడం. ఇల్లు పాడుపెట్టారు, పొలం బీడు పెట్టారు, పథకం మూలన పడేశారు, ఫైలు అటకెక్కించారు. పునరుద్ధరణకు అసలైన ఎదురుమాట ఈ కుటుంబంలోనే ఉందని నా వాదన. మీరేమంటారు?

బడి మాస్టారు

ఒప్పుకోను. పునరుద్ధరణ అంటే ఒకరు పూనుకుని చేసే పని. దాని వ్యతిరేకం కూడా ఒకరు పూనుకుని చేసేదే అయి ఉండాలి. దానంతట అది పాడుబడటం ఒక స్థితి. దానికి వ్యతిరేకం బాగుండటం, అంతే.

ఈ తేడాను తెలుగు చాలా శుభ్రంగా పాటిస్తుంది. చెడు, చెరుచు. కూలు, కూల్చు. తెగు, తెంచు. మాయు, మాపు. ఆరు, ఆర్పు. ప్రతి జతలో మొదటిది దానంతట జరిగేది, రెండోది ఇంకొకరు చేసేది. 'చెరపకురా చెడేవు' అనే సామెత మొత్తం ఈ తేడా మీదే నిలబడింది. కాబట్టి 'ఉద్ధరించు'కు ఎదురుగా నిలవాల్సింది రెండో వరుసలోని మాటే: చెరుచు, కూల్చు, ధ్వంసం చేయు.

నిఘంటుప్రియ

మాస్టారూ, మీ జతలు బాగున్నాయి. కానీ 'పాడుపెట్టు' ఏ వరుసలోకి వస్తుంది? దానికి కర్త ఉన్నాడు, కర్మ ఉంది. 'వాళ్లు ఇల్లు పాడుపెట్టారు' అంటే తప్పు వాళ్లదేనని స్పష్టంగా చెబుతున్నాం. కానీ వాళ్లు చేసిన పని ఏమీ లేదు. చేయకపోవడమే చేసిన పని. ఆ బాధ్యతను 'విధ్వంసం' అనే మాట మోయలేదు. అందుకే నాకు దాని మీద ఇంత పట్టింపు.

ఇంకో సంగతి. సంస్కృతంలో ధ్వంస్ ధాతువుకు మొదటి అర్థమే రాలిపోవడం, పొడిపొడి కావడం, నశించడం. అంటే ధ్వంసం కూడా ఒకప్పుడు మీ మొదటి వరుసలోని మాటే!

ఇటుకా సున్నం

పాత కట్టడాల మరమ్మతు పనులతో నాకు పరిచయం ఉంది కాబట్టి రాస్తున్నాను. మీరిద్దరూ ఒక విషయం వదిలేశారు. కట్టడాన్ని పాడుపెట్టడం కంటే, కూల్చడం కంటే ఎక్కువగా బాధపెట్టేది తప్పుడు పునరుద్ధరణ.

సున్నంతో కట్టిన పాత గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే తేమ బయటికి రాలేదు. లోపలే ఉండిపోయి, ఉప్పును వెంటబెట్టుకుని ఇటుకలోకి పాకుతుంది. నీరు ఆరినప్పుడు ఆ ఉప్పు గడ్డకట్టి ఇటుకను లోపలి నుంచి తోస్తుంది. కొన్నాళ్లకు సిమెంటు పూత పెచ్చులుగా ఊడుతుంది, దానితోపాటు ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది. వేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలుతుంది. ఇటుకల మధ్య ఉండే సున్నం కీళ్లలో సిమెంటు కూరినా ఇదే గతి. కీలు గట్టిగా నిలబడుతుంది, చుట్టూ ఉన్న మెత్తటి ఇటుక అరిగిపోతుంది. వందల ఏళ్లు నిలిచిన గోడను ముట్టుకోకుండా వదిలేసినా అంత నష్టం జరిగేది కాదు.

1849లోనే ఇంగ్లండు కళావిమర్శకుడు జాన్ రస్కిన్ దీని గురించి రాశారు. కట్టడానికి జరగగల అత్యంత సంపూర్ణ వినాశనమే పునరుద్ధరణ అన్నది ఆయన మాట. అది అతివాదమే, అయినా కొట్టిపారేయలేం. పాత కట్టడాల సంరక్షణ మీద నిపుణులు రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టర్ మధ్యేమార్గంగా ఒక హద్దు గీసింది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో మైకెలాంజిలో వేసిన చిత్రాలను 1980 నుంచి 1994 దాకా శుభ్రం చేసినప్పుడు కూడా ఇదే గొడవ. మసి కింద దాగిన అసలు రంగులు బయటపడ్డాయని కొందరు సంతోషించారు. మైకెలాంజిలో పొడి గోడ మీద చివర్లో వేసిన నీడలు కూడా మసితోపాటు పోయాయని మరికొందరు వాదించారు.

అందుకే వ్యతిరేకపదం కోసం బయట వెతకక్కర్లేదంటాను. మాట్లాడేటప్పుడు 'బాగా ఉద్ధరించావులే' అంటే చెడగొట్టావనే కదా అర్థం.

కొత్త సభ్యుడు

చిన్న మాట. మనం 'బండి రిపేరు వచ్చింది' అంటాం, అంటే చెడిపోయిందని. 'బండి రిపేరు చేయించాను' అంటాం, అంటే బాగుచేయించానని. ఒకే మాట రెండు వైపులా పనిచేస్తోంది. దీనికి వ్యతిరేకపదం ఎలా రాయాలి?

నిఘంటుప్రియ

భలే పట్టుకున్నారు! 'రద్దు' కూడా అలాంటిదే. అరబ్బీలో దాని మూలమైన 'రద్ద్'కు తిప్పికొట్టడమనే అర్థంతోపాటు తిరిగి ఇవ్వడమనే అర్థం కూడా ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి కొట్టివేత అనే అర్థమే మిగిలింది.

బడి మాస్టారు

మాటల మూలాలు ముచ్చటగానే ఉంటాయి కానీ చర్చ పక్కదారి పడుతోంది. నేను ఒక్కటే అడుగుతాను. 2001 మార్చిలో అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ బుద్ధ విగ్రహాలను తాలిబన్లు పేల్చేశారు. పెద్దది సుమారు 55 మీటర్లు, చిన్నది 38 మీటర్లు. వాటిని మళ్లీ నిలబెట్టాలా, ఖాళీ గూళ్లను అలాగే ఉంచాలా అని ఇప్పటికీ వాదన నడుస్తోంది. అక్కడ పునరుద్ధరణకు ఎదురుగా ఏ మాట పెడతారు? పాడుపెట్టడమా? ఆ పని చేసినవాళ్లకు అది చాలా తేలికైన మాట. ఉద్దేశంతో చేసినదాన్ని ఉద్దేశంతో చేసినట్టు చెప్పే మాట భాషలో ఉండి తీరాలి.

నిఘంటుప్రియ

అక్కడ 'విధ్వంసం' తప్ప ఇంకో మాట వాడకూడదు. మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ ప్రతిచోటా దాన్నే వాడితే అలాంటి చోట దాని బరువు తగ్గిపోతుంది. నా అభ్యంతరం అదే.

రాత్రి షిఫ్ట్

సర్వర్లు చూసుకునే పని నాది. మా దగ్గర రీస్టోర్ రోజువారీ మాట, దానికి వ్యతిరేకం డిలీట్ అని అందరూ అనుకుంటారు. సాధారణంగా హార్డ్ డిస్క్‌లో ఫైలు డిలీట్ చేస్తే పోయేది దాని చిరునామా మాత్రమే. ఆ చోటు ఖాళీగా ఉందని సిస్టమ్ రాసుకుంటుంది, లోపలి సమాచారం అక్కడే ఉంటుంది. టెన్షన్ పడకుండా డిస్క్‌ను వెంటనే పక్కన పెడితే చాలాసార్లు తిరిగి రాబట్టవచ్చు. అదే చోట ఇంకేదైనా రాసేస్తే మాత్రం పోయినట్టే. ఎస్ఎస్‌డీల్లో, అంటే తిరిగే డిస్క్ లేని కొత్తరకం స్టోరేజీల్లో, ట్రిమ్ అనే ఆదేశం వల్ల డిలీట్ చేసిన కాసేపటికే నిజంగా చెరిగిపోవచ్చు, అది వేరే కథ.

కాబట్టి మా లెక్కలో రీస్టోర్‌కు నిజమైన ఎదురు ఓవర్‌రైట్. తీసేయడం కాదు, దాని చోట ఇంకోటి పెట్టడం. ఇటుకా సున్నం గారు చెప్పిన సిమెంటు పూత కూడా నాకు ఇలాగే కనిపిస్తోంది.

ఇటుకా సున్నం

సరిగ్గా చెప్పారు. పారిస్‌లోని నోటర్‌డామ్ చర్చిలో 2019 ఏప్రిల్ 15న మంటల్లో కూలిన శిఖరం మధ్యయుగం నాటిది కాదు, 19వ శతాబ్దపు పునరుద్ధరణలో కట్టింది. కొత్త నమూనాలో కడదామన్న ప్రతిపాదనలు వచ్చాయి. చివరికి ఆ 19వ శతాబ్దపు రూపాన్నే మళ్లీ కట్టి, 2024 డిసెంబరులో చర్చిని తెరిచారు. ఒక పునరుద్ధరణను ఇంకో పునరుద్ధరణ తిరిగి తెచ్చిందన్నమాట. నేను దాన్ని సమర్థిస్తాను, ఎందుకంటే కొలతలు, చిత్రాలు చేతిలో ఉన్నాయి, ఊహించాల్సిన పని తక్కువ.

బడి మాస్టారు

ఓవర్‌రైట్‌కు తెలుగులో ఏమంటారు? 'తిరగరాయడం' అనబోయాను. కానీ రికార్డు తిరగరాశాడంటే మెచ్చుకోలు కదా, అది నప్పదు.

రాత్రి షిఫ్ట్

మా టీమ్‌లో 'దాని మీద రాసేశాం' అనేస్తాం.

నిఘంటుప్రియ

'మీద రాసేయడం'. బాగుంది, తీసుకుంటున్నాను. నేను రాసుకుంటున్న పట్టికలో పునరుద్ధరణకు ఎదురుగా నాలుగు గళ్లు పెడుతున్నాను: ఆపడం, పాడుపెట్టడం, కూల్చడం, మీద రాసేయడం. మాస్టారూ, విధ్వంసం మూడో గడిలో ఉంటుంది, మొదటి గడిలోకి రానివ్వను.

బడి మాస్టారు

మూడో గడి అయితే సరే. రెండో గడి దగ్గర మాత్రం మళ్లీ వాదిస్తాను.