బోనాల పని పట్టీ – బ్రిటన్‌ల రెడింగ్ దిక్కు ఉన్న మనోళ్ల గ్రూపు (బ్రాకెట్ల సొంతూర్లు) – ఆదివారం – అందరు జూడుండ్రి

సుజాత (మిర్యాలగూడ) – మంగళవారం, రాత్రి 9:40
పట్టీ మళ్ల పెడుతున్న. ఖాళీ ఉన్నకాడ పేర్లు రాయుండ్రి.
1. కుండలు, గురుగులు – శ్రీలత
2. యాపమండలు – ?
3. హాలు తాళంచెవి, ఇన్సూరెన్సు కాయితం – నరేశ్
4. డప్పులు – యాదన్న
5. పసుపు, కుంకుమ, సున్నం – ?
6. వంట – వెంకన్న బాబాయ్
7. పిల్లల ఆటలు – ?
8. పార్కింగ్ – ?
ఇప్పటిదాంక 38 బోనాలు, 180 మంది. రేపు పొద్దుగూకేలోపు నింపుండ్రి. ఆషాఢంల ఎందుకు చెయ్యలేదని మళ్ల అడగొద్దు. ఆషాఢం హైదరాబాదోళ్లది, మన దిక్కు ఊర్లల్ల శ్రావణమే.

శ్రీలత (నాగర్‌కర్నూలు) – 9:58
కుండల సంగతి జెప్త. గార్డెన్ షాపులల్ల దొరికే మట్టికుండీలు కొనకుండ్రి. అడుగున బొక్క ఉంటది. పిండి మెత్తి మూస్తే, వేడి పరమాన్నానికి ఆ పిండి నాని, నడుస్తుంటే మెడమీదికి కారుతది. అసలు మట్టికుండ ఉన్నోళ్లు శనివారం రాత్రంత నీళ్లల్ల నానబెట్టి, పొద్దుగాల నీడకు ఆరబెట్టుండ్రి. పొడికుండకు పసుపు రాస్తే నీళ్లు గుంజుకొని పొక్కులు లేసి రాలుతది. పసుపుల నాలుగు చుక్కల నూనె కలిపితే పట్టుకుంటది. మట్టిది దొరకనోళ్లు ఇత్తడి బిందెనో, స్టీలు బిందెనో తెచ్చుకోండ్రి. ఎవ్వలు ఎవ్వల బిందెను వంక వెట్టొద్దు.

మల్లేశ్ (నల్లగొండ నుంచి) – బుధవారం, తెల్లారి 4:10
ఈడ పొద్దెక్కింది. రేపు ఫ్లయిటెక్కేటోళ్లతోని గురుగులు, గవ్వల పట్టీలు, డప్పు చిర్రలు పంపిస్తున్న. పచ్చి యాపమండలు, నెయ్యి, పాలకోవ పెట్టెల పెట్టనియ్యలే. పాలతోని చేసినయి, మాంసం ఇక్కడి నుంచి బ్రిటన్‌కు తీస్కపోనియ్యరు. పచ్చి కొమ్మలకు సర్టిఫికెట్ అడుగుతరు. మొత్తం పెట్టెనే ఇప్పించుకొని కూసుంటరు.

నరేశ్ (వనపర్తి) – బుధవారం, పగలు 11:15
మీటింగుల ఉన్న, చిన్నగ రాస్త. హాలోళ్లు మెయిల్ పంపిన్రు. బోనం మీద దీపం వద్దంట. సాంబ్రాణి వద్దంట. మంట మీద డప్పు కాపుడు, పోతరాజు కొరడా గూడ వద్దంట. బ్యాటరీ దీపాలైతే సరేనంట. మనం ఫారంల “సాంస్కృతిక కార్యక్రమం, భోజనం” అని రాసినం. వాళ్లు మన పోయినేటి ఫొటోలు జూసి అడుగుతున్నరు. రేపు సాయంత్రం లోపు ఒప్పుకుంటమని రాసియ్యాలె. లేకుంటే 640 పౌండ్లు వాపసు, హాలు కాన్సిల్.

యాదయ్య (దేవరకొండ) – 11:21
బ్యాటరీ దీపం నెత్తిన పెట్టుకొని నడుస్తే దాన్ని బోనమంటరా, బొమ్మల కొలువంటరా?

వెంకన్న (హుజూర్‌నగర్) – 11:50
యాదిగా, జర ఆగు. వాళ్ల బాధ గూడ తెలుసుకోవాలె. హాలు పైకప్పుకున్నయి పొగ డిటెక్టర్లు. గుగ్గిలం పొగకు, ఇల్లు కాలిన పొగకు దానికి తేడా తెల్వది. వంటింట్లనైతే వేడికి మాత్రమే మోగేది పెడ్తరు, అందుకే పోపు పెట్టినా ఊకుంటది. కొన్ని హాళ్లల్ల ఆ భాగం అలారం కొద్దిసేపు బందువెట్టి, ఒక మనిషిని కాపలా తిప్పుతరు. నరేశ్, అట్ల ఏమన్న అయితదా అడిగినవా?

నరేశ్ – 12:04
అడిగిన బాబాయ్. ఆదివారం అలారం బందువెట్టే మనిషి డ్యూటీల ఉండడంట.

ప్రవీణ్ (మహబూబ్‌నగర్ టౌన్) – 12:30
నేను కొత్త, అయినా ఒక మాట. దీపం ఒక్కటే కాదు అసలు సంగతి. కల్లు, డప్పు, పూనకాలు జూస్తే ఎవరైన భయపడ్తరు. గుడిల హాలు అడుగుదాం. పంతులుగారిని పిలిచి కుంకుమార్చన చేపిస్తే పద్ధతిగ ఉంటది, పిల్లలకు గూడ మంచి నేర్పినట్టయితది.

యాదయ్య – 12:33
పద్ధతిగ అంటే ఏంది తమ్మీ? మా ఊరి ముత్యాలమ్మకు కుమ్మరాయన పూజ జేస్తడు. పోచమ్మ కాడ చాకలాయన ముందుండి నడిపిస్తడు. గౌడు గీసిన కల్లు అమ్మ ముందట ధారగ సాక వొయ్యనిది ఎల్లమ్మకు పండుగే లేదు. వాళ్లందరు పద్ధతి లేనోళ్లా? మంచి నేర్పనోళ్లా?

ప్రవీణ్ – 12:36
నేను అట్ల అనలే. మీరే కులం దాంక తీస్కపోతున్నరు.

యాదయ్య – 12:37
నేను తీస్కపోతలేను. అది ఆడనే ఉన్నది.

ప్రవీణ్ – 12:41
సరే. మా నాలుగు బోనాలు తీసేయుండ్రి.

కవిత (సూర్యాపేట) – 12:55
మళ్ల గదే. పోయినేడు గూడ గిట్లనే షురువైంది.

సుజాత – మధ్యాహ్నం 1:20
పై మాటలు నేను తీసేస్తలేను. తీసేస్తే, ఎవ్వల మాట తీసేసిన్రని దానిమీద ఇంకో లొల్లి. కానీ ఇప్పటిసంది ఈడ ఏం రాస్తమంటే: ఎవ్వలు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎన్ని పైసలు. ఆచారం మీద ఏమన్న ఉంటే ఫోన్ జేసి మాట్లాడుకోండ్రి. రాతల గొంతు వినవడది, అన్నది ఒకటి అర్థమయ్యేది ఒకటి. యాదన్నా, ప్రవీణ్‌కు నువ్వే ఫోన్ జెయ్యాలె. పెద్దోనివి.

కవిత – 1:45
ఒక్కటే మాట అని పనిలకు వస్త. మా సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు అందరికి ఎరుకే. రెండేండ్లకోసారి జాతర. ఒక్కటే గుట్ట మీద లింగమంతుల స్వామికి పొంగలి, నీసు లేదు. ఆ పక్కనే చౌడమ్మకు యాట. ఒకే ఇంటోళ్లు రెండుకాడికి పోయి మొక్కుతరు. ఇద్దరు దేవుళ్లకు లేని పేచీ మనకెందుకు?
ఇగ పని: మా ఆయన ఆడే క్రికెట్ క్లబ్బు గ్రౌండ్ అడిగిన. రెడింగ్ నుంచి ఇరవై నిమిషాలు. క్లబ్బుహౌజు, వంటగది, బాత్రూములు ఉన్నయి. పిచ్చు మీద అడుగు పెట్టొద్దంట. నేల మీద పెట్టే మంటైతే కంకర పార్కింగ్‌ల మాత్రమే, గడ్డి మీద వద్దంట. ఆదివారం మ్యాచ్ ఉన్నది, సాయంత్రం ఆరున్నరకు అయిపోతది. 350 పౌండ్లు.

వెంకన్న – 2:10
ఆరున్నరకు అంటే మనకు మంచిదే. ఆగస్టుల ఎనిమిది కొడితేగాని పొద్దుగూకది, దీపాలు కండ్లవడ్తయి. పార్కింగ్‌ల బోనాలు ఎత్తుకొని, బౌండరీ పక్కపొంటి నడిచి, క్లబ్బుహౌజు ముందు దింపుదాం. 640 వాపసొస్తే 350 వోను మిగిలినదానితోని బల్లలు, లైట్లు కిరాయికి తెద్దాం. నరేశ్, హాలోళ్లకు మర్యాదగ వద్దని రాసెయ్. కొట్లాట వెట్టుకోకు, వచ్చేయేడు మళ్ల అవసరం వడ్డదో ఏమో.

నరేశ్ – 3:05
రాసిన. ఇన్సూరెన్సు కాయితం మీద హాలు అడ్రస్ ఉన్నది, 50 లక్షల పౌండ్లది. అడ్రస్ మార్చకుంటే గ్రౌండ్‌ల అది చెల్లది. “ఆరుబయట, దీపాలు, నడక” అని ఉన్నదున్నట్టు రాసి పంపిన. దాసిపెట్టి రాస్తే ఏమైతదో పొద్దుగాలనే జూసినం.
లైసెన్సు సంగతి గూడ తెలుసుకున్న. మైకు లేని డప్పుకు పొద్దున 8 నుంచి రాత్రి 11 దాంక లైసెన్సు అక్కర్లేదు. కల్లు అమ్ముతలేం, సాక వోస్తున్నం, దానికీ అక్కర్లేదు. అమ్మాలంటే మాత్రం 21 పౌండ్లు కట్టి పది పని దినాల ముందుగాల కౌన్సిల్‌కు చెప్పాలె, 499 మందికి మించొద్దు. ఎవ్వలు బీర్లు తెచ్చి పైసలకు ఇయ్యకుండ్రి.

యాదయ్య – సాయంత్రం 6:15
ప్రవీణ్‌తోని అర్ధగంట మాట్లాడిన. ఇగ దాని గురించి ఎవ్వలు రాయకుండ్రి.
డప్పుల సంగతి. ఈ దేశంల గాలికి తేమ వట్టి తోలు వదులైతది, కాపకపోతే తపతప అంటది. గడ్డిమంట ఎట్లా కుదరదు. పెయింటు గీకేతందుకు వాడే వేడిగాలి మిషిన్ తెస్త. జానెడు దూరం నుంచి, అంచు పొంటి తిప్పుకుంట కాపాలె, నడుమ ఒక్కకాడ ఆపొద్దు. ఒక్కకాడ ఆపితే తోలు గుంజుకపోయి పర్రెవడ్తది. చిటికేస్తే కంగుమన్నప్పుడు చాలు. పావుగంటకోసారి మళ్ల కాపాలె కాబట్టి ఆరు డప్పులల్ల నాలుగు మోగుతయి, రెండు కాగుతుంటయి. క్లబ్బుహౌజు నుంచి కరెంటు తీగ యాభై మీటర్లది కావాలె.

ప్రవీణ్ – 6:40
నా మాట తొందరవడ్డది. మా నాలుగు బోనాలు మళ్ల రాయుండ్రి. తీగ నా తాన ఉన్నది, వ్యాన్ గూడ ఉన్నది. బల్లలు నేను తెస్త.

సుజాత – 6:42
రాసిన. మీ నాలుగు పట్టీలనే ఉన్నయి, కొత్తోళ్లవి కలిసి మొత్తం 42 అయినయి. మీవి నేను అప్పుడు తీసెయ్యనే లేదు.

శ్రీలత – రాత్రి 8:30
బయట నడక కాబట్టి దీపం గురించి. గాలికి సన్న వత్తి నిలవది, రెండు వత్తులు కలిపి పేనుండ్రి. నువ్వులనూనె రెండు చెంచాలే. నిండ వోస్తే వంగినప్పుడు నెత్తిమీదికి వస్తది. గురిగి మీద ప్రమిద జారకుండ తడి బియ్యప్పిండి కడెం లెక్క పెట్టి దానిమీద కూసోవెట్టుండ్రి. పాలిస్టర్ చీరలు కట్టకుండ్రి, నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటది. నూలు చీర, ఎంట్రుకలు ముడి. నూనె మంట మీద నీళ్లు చల్లితే ఎగజిమ్ముతది. ఫైర్ బ్లాంకెట్లు నాలుగు, ఇసుక బకెట్లు నాలుగు, వరుసకు రెండు దిక్కుల మనుషులు.

కవిత – గురువారం, పొద్దున 7:15
పూనకం సంగతి గూడ ముందుగాలనే అనుకుందాం, లేకుంటే క్లబ్బోళ్లు భయపడి అంబులెన్సు పిలుస్తరు. వాళ్ల ఫస్ట్ ఎయిడ్ మనిషికి నేనే చెప్పి ఉంచుత. ఎవలికన్న పూనితే ముందుగాల బోనం దింపుకోవాలె, దీపం ఆర్పాలె. ఇద్దరు ఆడోళ్లు ఎనకనుంచి పట్టుకోవాలె, ముందుకు రావొద్దు, చేతులు ఇరిసి పట్టొద్దు. పసుపునీళ్లు చల్లి, అడిగింది ఇనుండ్రి. నిమ్మళమైనంక కూసోవెట్టి నీళ్లు తాపుండ్రి. పది నిమిషాలైనా మాట తెలివికి రాకుంటే, కిందవడి తలకు దెబ్బ తాకితే, అప్పుడు నిజంగనే డాక్టర్. ఒక్కరన్న సెల్లుల తీస్తే నేనే గుంజుకుంట, చెప్తున్న.

వెంకన్న – 9:00
వంట. యాట కొయ్యుడు ముచ్చటే లేదు, ఈడ కసాయిఖాన బయట కోసి నలుగురికి పెట్టుడు నేరం. మాంసం దుకాణం నుంచి 25 కిలోలు. బదులుగ అమ్మ ముందట గుమ్మడికాయ కొడదాం. నీసు బల్ల వేరే, నీసు లేని బల్ల వేరే, గంటెలు వేరే. సాక వోసే జాగ ఒక్కటే. పసుపునీళ్లు వోసెటోళ్లు, కల్లు వోసెటోళ్లు ఆడికే వస్తరు. ఎందుకు వోస్తున్నవని గాని, ఎందుకు వొయ్యవని గాని అడగొద్దు. కల్లు ఆఫ్రికా దుకాణాలల్ల సీసాలల్ల దొరుకుతది, మూడు తెచ్చిన. మన తాటికల్లు లెక్క పులుపు లేదు గాని పనికొస్తది.
వండిన అన్నం ఊకె పెట్టొద్దు. 63 డిగ్రీల మీద వేడిగ ఉంచాలె, లేకుంటే రెండు గంటల లోపు తినెయ్యాలె. బోనంల అన్నం నడకల చల్లారుతది కాబట్టి దింపంగనే పంచెయ్యాలె. మిగిలింది ఇంటికి కట్టియ్యొద్దు.

సుజాత – 9:20
ఇంటికాడ పెద్దలు లేని కొత్త కుటుంబాలు తొమ్మిది ఉన్నయి. ఒక్కొక్కరిని ఒక పాత ఇంటికి జతవెట్టిన, పేర్లు ఫోన్ల పంపుత. నేర్పియ్యుండ్రి, పరీక్ష వెట్టకుండ్రి. మీ ఊరి తీరు వాళ్లకు రుద్దకుండ్రి, వాళ్ల అమ్మ పేరు ఏందో ముందుగాల అడుగుండ్రి. మైసమ్మ, ఈదమ్మ, ఉప్పలమ్మ, ఎవ్వరైనా సరే.

నరేశ్ – శుక్రవారం, సాయంత్రం 4:50
కొత్త ఇన్సూరెన్సు కాయితం వచ్చింది, క్లబ్బుకు పంపిన. హాలు పైసలు ఇంక రాలే. 350 నేను కట్టిన, తర్వాత చూస్కుందాం.

ప్రవీణ్ – శనివారం, రాత్రి 8:10
బల్లలు 14, తీగ, ఇసుక బకెట్లు వ్యాన్ల ఎక్కించిన. పోతరాజుకు చుట్టూ మూడు గజాల జాగ కావాలెనంట యాదన్న. తాడు నేను పట్టుకుంట.

కవిత – 8:25
యాపమండలు దొరకలే. ఎండిన యాపాకు ప్యాకెట్ దొరికింది, పసుపునీళ్లల్ల వేద్దాం. కుండ మెడకు మామిడి రెమ్మలు. అవునుగని, సున్నం ఎవ్వలు తెస్తున్నరు? పట్టీల అయిదో నంబరు ఖాళీనే ఉన్నది.

యాదయ్య – 8:27
పట్టీ ఇంక ఉన్నదా?

శ్రీలత – 8:40
సౌతాల్ పాన్‌డబ్బాల రెండు డబ్బీలు తెచ్చిన. వేలితోని పెట్టకుండ్రి, చర్మం మండుతది. పుల్లకు దూది చుట్టి కుండకు బొట్లు పెట్టుండ్రి. పిల్లల చేతికి అసలే ఇయ్యకుండ్రి.