పాపకు రెట్ సిండ్రోమ్ అన్నారు. మేనరికం వల్లేనా?

సీతాకోక: మా పాపకు మూడేళ్లు. ఏడాదిన్నర దాకా "తాత" అనేది, బిస్కెట్ తనే పట్టుకుని తినేది. తర్వాత మాటలు పోయాయి. ఇప్పుడు రోజంతా చేతులు కడుక్కుంటున్నట్టు నలుపుకుంటూనే ఉంటుంది. జెనెటిక్ టెస్ట్ చేసి రెట్ సిండ్రోమ్ అన్నారు. నేను మేనమామనే చేసుకున్నాను. దానివల్లే అని చుట్టాలంతా అంటున్నారు. నిజమేనా? రెండో బిడ్డ అంటేనే భయమేస్తోంది.

కృష్ణాతీరం: నిజమేనమ్మా. దగ్గర సంబంధాలు వద్దని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు.

ల్యాబ్‌మనిషి: ఈ జబ్బుకు ఆ లెక్క కుదరదండీ. మేనరికంలో భయం ఎక్కడంటే, అమ్మానాన్నలిద్దరిలో ఒకే లోపం దాగి ఉండి, రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరినప్పుడు. రెట్‌కు ఎక్స్ క్రోమోజోమ్ మీది ఎంఈసీపీ2 జన్యువులో ఒక్క మార్పు చాలు. 1999లో అమెరికాలోని హ్యూస్టన్‌లో హుదా జోగ్బీ అనే శాస్త్రవేత్త బృందం దాన్ని పట్టుకుంది. దాదాపు అందరిలో ఆ మార్పు వంశంలో లేనిదే, కొత్తగా వచ్చిందే. అదీ ఎక్కువగా తండ్రి వీర్యకణంలో. సుమారు 10,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది, బయటి సంబంధాల్లోనూ.

కృష్ణాతీరం: అంటే మేనరికం మంచిదంటారా? మా అన్న మా అక్క కూతుర్నే చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలకీ చెవుడు. కళ్లారా చూసినదానికన్నా మీ క్రోమోజోములు ఎక్కువా?

పుల్లగోంగూర: చెవుడు వేరు, ఇది వేరు కదండీ.

ల్యాబ్‌మనిషి: మంచిదని నేనెక్కడన్నాను? చెవుడు విషయంలో మీ మాట నిజం కావచ్చు. అడిగింది రెట్ గురించి!

వానచినుకు: మా పాపకూ రెట్టే. మాది బయటి సంబంధం. "మీ వైపు రక్తంలోనే ఉంది" అన్నారు మా అత్తగారు. ఏ పెళ్లయినా నింద మాత్రం కోడలికే.

కృష్ణాతీరం: నేను ఎవర్నీ నిందించడం లేదు! ఆ పెళ్లి వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇంట్లో నన్నే శత్రువులా చూశారు. పిల్లలు పుట్టాక ఒక్కరూ తప్పు ఒప్పుకోలేదు. ఇప్పుడు మీరొచ్చి ఎవరి తప్పూ లేదంటే నాకు మండుతుంది.

ల్యాబ్‌మనిషి: మీ బాధ అర్థమైందండీ. కానీ ఆ కోపానికి ఈ అమ్మాయి ఎందుకు జవాబు చెప్పాలి? సీతాకోక గారూ, మీలో ఆ మార్పు ఉందేమో మీ రక్తం పరీక్ష చేయించండి. మీలో లేదని తేలితే మళ్లీ వచ్చే అవకాశం 1 శాతం లోపే. పూర్తిగా లేదనలేం కాబట్టి, కడుపులో ఉండగానే పరీక్ష చేయించుకునే వీలుంది. ముందే జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి.

సీతాకోక: వచ్చే వారమే చేయించుకుంటాను. మాకు అత్తగారంటే మా అమ్మమ్మే. సంబంధం కలిపింది ఆవిడే. రిపోర్ట్ వచ్చిన రోజు నుంచి పాప దగ్గరికి రావడం లేదు, వంటింట్లో కూర్చుని ఏడుస్తోంది. వీర్యకణం అదీ ఆవిడకు ఎలా చెప్పాలో తెలీదు గానీ, నీ వల్ల కాదని ఇప్పుడే వెళ్లి చెబుతాను.