వీపీఎస్4 మ్యూటెంట్ పెట్టినా హెచ్ఐవీ గ్యాగ్ (వైరస్ గుల్లను కట్టే ప్రోటీన్) కణాల బయటికి వచ్చేస్తోంది, ఎందుకు?

ఎస్కార్ట్ (ESCRT) అనే కణంలోని ప్రోటీన్లు పొరను కోస్తేనే, వైరస్ ఆ కణం నుంచి విడిపోతుంది కదా. వీపీఎస్4 ఆ పనికి కావాల్సిన ఎంజైమ్; దాని పనిచేయని రూపం, వీపీఎస్4ఏ ఈ228క్యూ మ్యూటెంట్ పెడితే ఆ కోత ఆగాలి. నాకు ఆగడం లేదు.

293టీ అనే మానవ కణాల్లోకి గ్యాగ్, మ్యూటెంట్ ప్లాస్మిడ్లను (జన్యువును మోసే డీఎన్ఏ వలయాలను) 1:1లో ట్రాన్స్‌ఫెక్ట్ చేశాను, అంటే ఎక్కించాను. 48 గంటలకు మీడియా (కణాలు పెరిగే ద్రవం) తీసి, విడుదలైన వైరస్ రేణువులు అడుగుకు చేరేలా 20% సుక్రోజ్ మీద స్పిన్ చేసి, ప్రోటీన్‌ను చూపించే బ్లాట్ వేస్తే గ్యాగ్ బ్యాండ్ కంట్రోల్‌లో ఉన్నంత ముదురుగా ఉంది. మూడుసార్లూ ఇదే. సీక్వెన్స్ సరిచూశాను, మ్యూటెంట్ ప్రోటీన్ కూడా తయారవుతోంది. గ్యాగ్‌లోని పీ6 భాగంలో, ఎస్కార్ట్‌ను పిలిచే పీటీఏపీ అనే చిన్న వరుస తీసేసిన గ్యాగ్ మాత్రం మీడియాలో బాగా తగ్గింది, కాబట్టి స్పిన్, బ్లాట్ సరిగ్గానే ఉన్నట్టు.

ఒకటి గమనించాను. 48 గంటలకు మ్యూటెంట్ ప్లేట్‌లో చాలా కణాలు గుండ్రంగా అయి, అడుగు వదిలేసి తేలుతున్నాయి. చచ్చిన కణాల నుంచి కారిన గ్యాగేనేమో అని 0.45 మైక్రాన్ ఫిల్టర్ వేశాను, తేడా లేదు. తర్వాతి పనంతా దీనిమీదే ఉంది, టెన్షన్‌గా ఉంది.

ఈ మ్యూటెంట్‌తో పనిచేసినవాళ్లు ట్రాన్స్‌ఫెక్షన్ తర్వాత ఎన్ని గంటలకు మీడియా తీస్తున్నారు?